కెప్టెన్ అడిగినవన్నీ ఇచ్చిన మనిషి

కివిసల్మి ఊళ్లో ఐస్ హాకీ ఆడే మంచు హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆటగాణ్ణి ఇంకో ఊరి జట్టుకి ఇచ్చేసినా, ఇక అక్కర్లేదనుకున్నా, ఆ మాట అతనికి ఎవరూ నోటితో చెప్పరు. అతని సంచి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి ఎడమ పక్కన గోడకి ఆనించి ఉంటుంది. పైన స్టిక్కులు తాడుతో కట్టి ఉంటాయి. పొద్దున్నే ఈల వేసుకుంటూ వచ్చినవాడు దాన్ని చూస్తాడు. ఈల ఆగిపోతుంది. ఆ తర్వాత కోచ్ గదిలోకి వెళ్లడం, కరచాలనం, అదంతా లాంఛనం.

ఆ సంచులు సర్దేది ఓస్మో పిరినెన్. కోచ్ ముందురోజు ఫోన్ చేసి చొక్కా నంబరు చెప్తాడు. ఆటగాడి పెళ్లానికంటే, కన్నతల్లికంటే ముందు ఓస్మోకి తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క నంబరూ బయటికి పొక్కలేదు. అతని భార్య టెర్తు అదే హాల్లో కాఫీ, సాసేజ్‌లు, గురువారం గురువారం బఠాణీ సూప్ అమ్ముతుంది. ఆవిడకి కూడా చెప్పేవాడు కాదు. "మీ అమ్మ నిన్ను నోరు కుట్టేసి కన్నట్టుంది," అనేదావిడ.

ఓస్మో చిన్నప్పుడు గోలీగా, అంటే గోల్ కాపలాదారుగా, నిలబడ్డాడు. ఎంత గొప్ప గోలీ అంటే, వాళ్ల నాన్న కూడా ఎదుటి జట్టుకే చప్పట్లు కొట్టేవాడు. తర్వాత రంపపు మిల్లులో పని. మిల్లు మూతపడ్డాక ఇరవై ఎనిమిదేళ్ల వయసులో హాల్లో సరంజామా మనిషిగా చేరాడు. స్కేట్లకి పదును పెట్టడం, చేతితొడుగులు ఆరబెట్టడం, హెల్మెట్లకి మరలు బిగించడం. ఎవరి తొడుగు ఏదో కళ్లు మూసుకుని వాసన చూసి చెప్పగలడు. అదేమంత గొప్ప విద్య కాదు, ఆ వాసనలు అలాంటివి.

అతనికి ఉన్న గర్వం ఒక్కటే. ఆటగాడు ఏది అడిగితే అది ఇస్తాడు, ఎందుకని అడగడు. "ఎందుకూ అని అడిగే సూదితో ఏ దర్జీ అయినా బట్ట కుట్టగలడా?" అనేవాడు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఊరి పత్రిక జట్లన్నిటికీ జాతకం రాసింది. మన జట్టు ఎలుగుబంట్లకి ఆఖరి స్థానం. చదివి ఎవరికీ కోపం కూడా రాలేదు. పదిహేడేళ్లుగా ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, ఒక్క గడప దాటని జట్టు మీద కోపం తెచ్చుకునే ఓపిక ఎవరికుంటుంది? కానీ అక్టోబరులో వరసగా ఐదు గెలిచారు. క్రిస్మస్‌కి మూడో స్థానం. జనం పట్టికని రెండుసార్లు, మూడుసార్లు చూసుకున్నారు, అచ్చుతప్పేమోనని. బడిలో, చర్చిలో, పెట్రోలు బంకులో అందరి మొహాల్లో అదే అయోమయం. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

దానికంతటికీ కారణం కెప్టెన్ ఆన్సి కొక్కో. ముప్పై నాలుగేళ్లు. ఈ హాల్లోనే స్కేటింగ్ నేర్చుకున్నవాడు, పెద్ద జట్లలో తిరిగి చివరికి ఇంటికొచ్చినవాడు. భార్య నీనా, నాలుగేళ్ల కూతురు హెల్మి. అక్టోబరు చివర ఒక పరాయి ఊరి ఆటలో ఎవడో వెనకనుంచి తోస్తే ఆన్సి తల మంచు చుట్టూ ఉండే చెక్కగోడకి కొట్టుకుంది. లేచాడు, తల విదిలించాడు, ఆట పూర్తిచేశాడు, ఒక గోల్ కూడా వేశాడు.

మర్నాడు ఓస్మో దగ్గరికి వచ్చాడు.

"ముసలోడా, హెల్మెట్ అద్దం మార్చు. కాస్త నల్లగా ఉండేది వెయ్యి."

"ఏరా, అమ్మాయిలు గుర్తుపట్టేస్తున్నారా?"

"మా ఆవిడ గుర్తుపట్టకూడదని."

అద్దం మారింది. నవంబరులో ఇంకోటి. "హెల్మెట్‌లో ఎడమ పక్క ఇంకో పొర స్పాంజి పెట్టు, వదులుగా ఉంది." పెట్టాడు. తర్వాత, "స్టిక్‌కి నల్ల టేపు వద్దు. తెల్లది చుట్టు." పక్ అనే నల్ల రబ్బరు బిళ్లని కొట్టే కొసకి తెల్లది చుట్టాడు. తర్వాత, "నా నెత్తి మీద ఆ ట్యూబులైటు తుమ్మెదలా గుయ్‌మంటోంది, తీసెయ్." మిగతావాళ్లకి ఆ గుయ్ వినపడలేదు. అయినా ఓస్మో నిచ్చెన వేసి తీసేశాడు. జనవరిలో స్కేట్లు. బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. గాడి లోతుగా ఉంటే అంచు మంచుని గట్టిగా పట్టుకుంటుంది. "లోతు తగ్గించు, మలుపులో మరీ లాగేస్తోంది," అన్నాడు ఆన్సి. రెండు వారాల తర్వాత, "ఇంకా తగ్గించు."

"ఇంకా తగ్గిస్తే నువ్వు సబ్బు మీద నిలబడ్డట్టే," అన్నాడు ఓస్మో. తగ్గించాడు.

గోలీ యూసో అని ఇరవై రెండేళ్ల కుర్రాడు, నోరు ఊరుకోదు. "కెప్టెన్ ఒక్కడే నీకు కొడుకా? మేమంతా దారిలో దొరికామా?" అని ఏడిపించేవాడు.

"నువ్వు దారిలోనే దొరికావు. ఎవరూ తీసుకోలేదని తెచ్చుకున్నాం," అనేవాడు ఓస్మో.

ఫిబ్రవరి పదిహేను. ఆ రోజు దాటితే ఆటగాళ్లని మార్చుకోవడానికి గడువు అయిపోతుంది. దేశంలోని ప్రతి హాల్లోనూ ఆ పొద్దున అందరూ పిల్లుల్లా నడుస్తారు. ముందురోజు ఓస్మోకి ఏ ఫోనూ రాలేదు. మనవాళ్లెవరూ పోవడం లేదన్నమాట. హాయిగా నిద్రపోయి ఆరున్నరకి వచ్చి డ్రెస్సింగ్ రూమ్ పక్కనే ఉన్న ఆరబెట్టే గది తలుపు తీశాడు. లోపల చీలమండల దాకా నీళ్లు. చలికి గొట్టం పగిలింది.

ఓస్మో నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేం. గుమ్మం దగ్గరున్న సంచిని చేతికందినట్టు లాగి బయట పడేశాడు. తడవకుండా గోడకి ఆనించాడు, జారిపోతున్న స్టిక్కులు దాని మీదే పెట్టి తాడు చుట్టాడు. చెయ్యి తనంతట తనే చేసే పని అది. నీళ్లు కట్టెయ్యడానికి పరిగెత్తాడు. కెప్టెన్ తొమ్మిదో నంబరు సంచి, డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి ఎడమ పక్కన, ఫిబ్రవరి పదిహేనున. ఈ మూడూ కలిపి చూసే తీరిక అతనికి లేదు.

బకెట్టు, తుడుపు కర్ర పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆన్సి కొక్కో నేలమీద కూర్చుని ఉన్నాడు. రోజూ అందరికంటే ముందు వచ్చేది అతనే. వీపు గోడకి ఆనించి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు తలెత్తకుండా.

"ఏంటి?"

"డాక్టర్ కనిపెట్టిందా? నీనా చెప్పిందా? నీనాకి తెలీదే. తలనొప్పి అనే చెప్పాను."

ఓస్మో బకెట్టు కింద పెట్టాడు. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. ఆ ఒక్క క్షణం ఆగకుండా 'గొట్టం పగిలిందిరా' అనేసి ఉంటే ఈ కథ లేదు.

"కోచ్‌కి చెప్పు, నేనేమీ గొడవ చెయ్యను," అన్నాడు ఆన్సి. "రెండేసి కనపడుతున్నాయి, నిజమే. నవంబరు నుంచి. ఎడమ పక్క నుంచి వచ్చే పక్ రెండుగా వస్తుంది. కింద ఉన్నది అసలుదని అలవాటు చేసుకున్నా. పోయిన వారం హెల్మిని డేకేర్ నుంచి తీసుకొస్తూ చర్చి దగ్గర కారు ఆపేశాను. ఇల్లు ఎటో తెలీలేదు ఓస్మో. పాప, 'నాన్నా, కుడికి' అంది. కుడికి తిప్పాను."

"మరి పరీక్షలు?" ఓస్మో గొంతు అతనికే కొత్తగా వినపడింది. "దెబ్బ తగిలాక తల పరీక్ష చేశారుగా. పాసయ్యావుగా."

"ఆగస్టులో అందరికీ ఒకసారి పెడతారు కదా, దెబ్బ తగిలాక దానితో పోల్చి చూడ్డానికి. ఆగస్టులోనే కావాలని తప్పులు చేశా. ప్రతి ఏడాదీ చేస్తాను. నేనొక్కడినేనా? సగంమంది చేస్తారు."

ఓస్మోకి చెవుల్లో నీళ్లు పోయినట్టయింది. ఎదురుగా ఉన్నది పదహారేళ్లకి జట్టులో చేరినప్పటి నుంచి తను ఎరిగిన పిల్లాడు. తొడుగు వాసన తెలుసు. పాదం కొలత తెలుసు. ఏ వేలికి కాయ ఉందో తెలుసు. ఏమీ తెలీదు.

"ఆన్సీ," అన్నాడు చివరికి. "గొట్టం పగిలింది. సంచి తడుస్తుందని బయట పెట్టాను. నిన్నెవరూ పంపించడం లేదు."

ఆన్సి తలెత్తి చూశాడు. తర్వాత నవ్వాడు. అంత భయంకరమైన నవ్వు ఓస్మో అంతకుముందు వినలేదు. నవ్వు ఆగాక లేచి వచ్చి ఓస్మో చొక్కా పట్టుకున్నాడు, కొట్టడానికి కాదు, పడిపోకుండా ఉండటానికి.

"ఇక్కడ విన్నది ఇక్కడే. ఆ మాట నాకు నేర్పింది నువ్వే."

"డాక్టర్‌కి చెప్పరా."

"చెప్తాను. సీజన్ అవ్వనీ. పదిహేడేళ్లు ముసలోడా. ఒక్క గడప దాటించి పోతాను. ఒట్టు."

ఓస్మో సంచిని తీసుకెళ్లి లోపల పెట్టాడు. యూసో వచ్చాడు, మిగతావాళ్లొచ్చారు, గొట్టం మీద జోకులేశారు. ఓస్మో పదును యంత్రం ముందు కూర్చున్నాడు. నల్ల అద్దం, కళ్లకి వెలుతురు పడక. స్పాంజి. తెల్ల టేపు, తెలుపు మీద పక్ నల్లగా కనపడుతుందని. ట్యూబులైటు. గాడి లోతు, గట్టిగా మలుపు తిరిగితే కళ్లు తిరుగుతాయని. అవన్నీ అతని చేత్తో చేసినవే. ఊళ్లో ఎవరికీ తెలియకుండా ఒక రోగాన్ని నాలుగు నెలలు దాచిపెట్టడానికి కావలసిన పనిముట్లన్నీ తనే అందించాడు. పైగా గర్వపడుతూ అందించాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఒక బ్లేడు పాడుచేశాడు.

ఆ తర్వాత ఓస్మో ఏం చేశాడంటే, ఏమీ చెయ్యలేదు. ఉన్న సంగతి అది. చెప్పడానికి బదులు స్పాంజి ఇంకాస్త పెట్టాడు. చెప్పడానికి బదులు గడ్డం పట్టీ కొత్తది వేశాడు. ఒకసారి ఆట అయ్యాక ఆవిరి స్నానం గదిలో ఇద్దరే మిగిలినప్పుడు "ఒరేయ్..." అని మొదలుపెట్టాడు. ఆన్సి రాళ్ల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. ఆ బుస్సులో మాట పోయింది. ఓస్మో మళ్లీ ఎత్తలేదు.

"బఠాణీ సూప్‌లో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను," అంది టెర్తు ఒక గురువారం. "రెండు గిన్నెలు తాగావు. ఏమైంది నీకు?"

"బాగుంది."

"ఏ నంబరు సంచి?"

"గడువు అయిపోయింది టెర్తు. ఇప్పుడు సంచులుండవు."

"మరి మొహం అలా ఉందేం, శవపేటిక సర్దినట్టు?"

ఓస్మో గిన్నె తీసుకెళ్లి కడిగి బోర్లించాడు.

మార్చి వచ్చింది. గడ్డాలు పెరిగాయి. ప్లేఆఫ్ మొదలైతే మనవాళ్లు గడ్డం గియ్యరు. యూసోకి మాత్రం చెంపకి పదకొండు వెంట్రుకలు, రోజూ లెక్కపెట్టి ప్రకటించేవాడు. ఏడు ఆటల్లో నాలుగు గెలవాలి. మూడు మూడు అయ్యింది. ఏడోది మన హాల్లో. మూడు వేల మంది పట్టే చోట మూడువేల ఆరువందల మంది ఎక్కారు.

ఆటకి ముందు ఒళ్లు వేడెక్కించుకోడానికి జట్లు మంచు మీదికి వెళ్తాయి. ఓస్మో బెంచీ దగ్గర నీళ్ల సీసాలు పేరుస్తున్నాడు. ఆన్సి మధ్య గీత దగ్గర మెల్లగా ఎడమకి తిరిగాడు. చుట్టుపక్కల పది అడుగుల్లో మనిషి లేడు. పడిపోయాడు. చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు, బస్తా పడ్డట్టు పడ్డాడు.

"కెప్టెన్ మంచుకి ముద్దు పెడుతున్నాడు!" అని అరిచాడు యూసో. హాలంతా నవ్వింది. ఆన్సి లేచి చెయ్యి ఊపాడు. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ మూడువేల ఆరువందల మందిలో నవ్వనిది ఒక్కడే.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఆన్సి స్కేట్లు విప్పి నేల మీద దభీమని పడేశాడు.

"ఓస్మో! ఏం పదును ఇది? ఎడమది అసలు పట్టట్లేదు. ఏడో ఆట రోజునా?"

కోచ్ లుక్కా కోపిష్టి కాదు, కానీ మొహం ఎర్రబడింది. "ఏంటయ్యా ఇది? ముప్పై ఏళ్లుగా లేని తప్పు ఇవాళే దొరికిందా నీకు? పద్దెనిమిది నిమిషాలుంది. పట్టుకెళ్లి సరిచెయ్యి."

ఓస్మో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయాడు. అతని పదునుని ఎవరూ అలా అనలేదు, ఎప్పుడూ. ఆన్సి వైపు చూశాడు. ఆన్సి కూడా చూశాడు, క్షమించమన్నట్టు. కానీ ఒక కన్నే ఓస్మో మీద ఉంది. రెండోది ఓస్మో భుజం పక్కన, ఎవరూ లేని చోటుని చూస్తోంది.

స్కేట్లు తీసుకుని బయటికొచ్చాడు. పదును యంత్రం కుడివైపు. జట్టు డాక్టర్ వార్తియా గది ఎడమవైపు. ఎడమకి తిరిగాడు.

డాక్టరమ్మ రై రొట్టె మీద చీజ్ పెట్టుకుని తింటోంది. ఓస్మో స్కేట్లు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"కొక్కోకి రెండు రెండు కనపడుతున్నాయి. నవంబరు నుంచి. ఇల్లు కూడా మర్చిపోయాడు. ఈ స్కేట్లు నేనివ్వను."

ఆవిడ రొట్టె కింద పెట్టింది. నమలడం ఆపేసింది, మింగలేదు.

తర్వాతదంతా రెండు నిమిషాల్లో జరిగింది. స్కేట్లు పట్టుకున్న ఓస్మోని వెంటబెట్టుకుని ఆవిడ డ్రెస్సింగ్ రూమ్‌లోకి వచ్చి ఆన్సి మొహం ముందు వేలు పెట్టి మెల్లగా ఎడమకి జరిపింది. "ఎన్ని?" వేలు మళ్లీ జరిపింది. "ఎన్ని, ఆన్సి?" అతను ఓస్మోనే చూస్తున్నాడు, సాక్సులతో నిలబడి.

"నా స్కేట్లివ్వు."

"ఇవ్వను."

"ముసలోడా, నా స్కేట్లివ్వు!"

"ఇవ్వనురా."

కోచ్ బెంచీ మీద కూలబడ్డాడు. యూసో నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి మొదటిసారి ఏమీ రాలేదు.

నాలుగు ఒకటితో ఓడిపోయారు. సీజన్ అయిపోయింది. ఎవరూ ఓస్మోతో మాట్లాడలేదు. "కట్టుకథ చెప్పి కెప్టెన్‌ని కూర్చోబెట్టాడు," అన్నారు మెట్ల మీద. టెర్తు దగ్గర కాఫీ కొన్నవాడొకడు కప్పు అక్కడే పెట్టేసి పోయాడు. ఆవిడ మొగుడి వైపు చూసి, "ఇదా సంచి," అంది. పక్కన నిలబడి గిన్నెలు కడిగింది.

మర్నాడు పెద్దాసుపత్రిలో తల ఫోటో తీశారు. పుర్రె కింద పాత రక్తం గడ్డకట్టి, పక్కన కొత్తగా ఊరుతూ ఉంది. ఇంకొక్క దెబ్బ తగిలుంటే మంచు మీదే పోయేవాడన్నారు. సాయంత్రానికి పుర్రె తెరిచారు. మూడో రోజు మళ్లీ ఊరితే మళ్లీ తెరిచారు. ఊరు నోరు మూసుకుంది. తిట్టినవాళ్లు దుకాణంలో ఓస్మోని చూసి పాల డబ్బాల మీది తేదీలు చదవడం మొదలుపెట్టారు.

పదో రోజు నీనా కొక్కో వచ్చింది. ఓస్మో ఇంటి కప్పు మీది మంచు పారతో తోస్తున్నాడు. కారు దిగి కిందనుంచే అడిగింది.

"డాక్టరమ్మకి నువ్వే చెప్పావట."

"అవును." దిగాడు. థాంక్స్ చెప్తుందనుకున్నాడు. ఏమనాలో కూడా లోపల సర్దుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

ఓస్మో పార మీద మంచు వంక చూశాడు.

"ఫిబ్రవరి పదిహేను."

నీనా వేళ్ల మీద లెక్కపెట్టింది. మధ్యలో ఆపేసింది. "నెల రోజులు," అంది. "నెల రోజులు రోజూ పొద్దున నా మొగుడి కాళ్లకి స్కేట్లిచ్చి పంపావు. నా బిడ్డని ఆ కార్లో ఎక్కించాను నేను. నాకు తలనొప్పి అన్నాడు, నమ్మాను. నువ్వు నమ్మలేదు. నీకు తెలుసు."

"తెలుసు."

అబద్ధం చెప్పడానికి కానీ, ఆట గురించి, ఒట్టు గురించి చెప్పడానికి కానీ నోరు రాలేదు. ఊరంతా తిట్టినప్పుడు ఇంత తగల్లేదు. వాళ్లు తిట్టింది చెప్పినందుకు.

"ఎక్కు," అంది నీనా కారు తలుపు తీసి. "వచ్చి చూడు."

పని బట్టలతోనే ఎక్కాడు. గంటన్నర దారి. ఆమె రేడియో కూడా పెట్టలేదు.

ఆన్సి దిండుకి ఆనుకుని ఉన్నాడు. తల సగం గొరిగి ఉంది. గడ్డం అలాగే ఉంది. ఓస్మోని చూసి మొహం వెలిగింది.

"ముసలోడా! గెలిచామా?"

"రోజూ అడుగుతాడు," అంది నీనా కిటికీ వైపు తిరిగి. "కోచ్ వచ్చి గెలిచామన్నాడు. యూసో వచ్చి గెలిచామన్నాడు. పది నిమిషాలకి మర్చిపోతాడు, మళ్లీ అడుగుతాడు. పాప పేరు చెప్పడానికి కళ్లు మూసుకుని వెతుక్కుంటాడు."

ఓస్మో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఓడిపోయాం. నాలుగు ఒకటి. నువ్వు ఆడలేదు. నేనే నీ స్కేట్లు ఇవ్వలేదు."

"ఓహో," అన్నాడు ఆన్సి మర్యాదగా, ఎవరి కబురో విన్నట్టు. నిద్రపోయాడు.

మర్నాడు ఓస్మో బస్సెక్కి మళ్లీ వెళ్లాడు. గెలిచామా అన్నాడు ఆన్సి. ఓడిపోయాం అన్నాడు ఓస్మో. అద్దం సంగతి, టేపు సంగతి, ట్యూబులైటు సంగతి, నెల రోజుల సంగతి, అన్నీ మొదట్నుంచీ చెప్పాడు. మూడో రోజూ చెప్పాడు. ప్రతిసారీ ఆన్సి మొదటిసారి విన్నట్టే విన్నాడు. ప్రతిసారీ ఓస్మోకి మొదటిసారి చెప్పినట్టే ఉంది.

ఐదో రోజు తలుపు తోసి లోపలికి అడుగు పెట్టాడో లేదో, కాఫీ కప్పు వచ్చి ఛాతీకి తగిలింది. వేడి కాఫీ చొక్కా మీదుగా బూట్లలోకి కారింది.

"దొంగముసలోడా!" ఆన్సి మంచం మీద లేచి కూర్చున్నాడు, మెడ నరాలు ఉబ్బి. "ఏడో ఆట! నా స్కేట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డావు! ఇవ్వనన్నావు! నాకు గుర్తుంది!"

నీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సు గుమ్మంలో బిగుసుకుపోయింది, తర్వాత జేబులోంచి పెన్ను తీసి టైం చూసుకుని, జ్ఞాపకం నిలిచిందని చీటీ మీద రాసుకుంది.

"ఇంకోసారి తిట్టు," అన్నాడు ఓస్మో. చొక్కా నుంచి కాఫీ కారుతూనే ఉంది.